గోళ్లు కాదమ్మా, పోయేది వేళ్లు

మూగనేస్తం: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది చిత్తూరు జిల్లా, పన్నెండేళ్లుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. పోయిన ఏడాది వానల్లో మా అపార్ట్‌మెంట్ కార్ పార్కింగులో తడిసి వణుకుతున్న పిల్లిపిల్లను మా పాప పైకి తెచ్చింది. లడ్డూ అని పేరు పెట్టుకున్నాం. పసుపు చారల మగపిల్లి. ఇప్పుడు పద్నాలుగు నెలలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. బయటికి అస్సలు వదలం. ఇప్పుడు వాడి గోళ్లతో ఇంట్లో గొడవైపోతోంది. ఈఎంఐ మీద కొన్న కొత్త సోఫా, హాల్లోకి రాగానే కనబడే మూల, దారాలు దారాలుగా ఊడిపోయింది. కిటికీ దోమల మెష్ రెండుసార్లు మార్చాం. అదంతా ఓర్చుకోవచ్చు కానీ, మా అత్తయ్యకు డెబ్బై నాలుగేళ్లు. స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. సాయంత్రం దీపం పెట్టి కొంగు చాటున జపమాల తిప్పుకుంటుంటే లడ్డూ దూకి చెయ్యి రక్కేశాడు. నెల రోజుల్లో ఇది మూడోసారి. నెత్తురు ఎంతకీ ఆగదు. మావారు ‘గోళ్లన్నా తీయించు, లేకపోతే ఎవరికన్నా ఇచ్చెయ్’ అంటున్నారు. డాలస్‌లో ఉండే మా అక్క తన పిల్లికి డీక్లా, అదే గోళ్లు తీసే ఆపరేషన్, చేయించిందట, ఒక్కరోజు పని, మళ్లీ టెన్షన్ ఉండదు అంటోంది. ఇక్కడ ఒక క్లినిక్‌లో అడిగితే చేస్తామన్నారు. చేయించమంటారా? – ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: వద్దమ్మా. క్లినిక్ వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చి ఉన్నా సరే, వద్దు.

మీ కుడిచెయ్యి ఒకసారి ముందు పెట్టుకుని చూడండి. వేలి చివర గోరున్న కణుపు ఉంది కదా, అది చివరి కీలు దగ్గర మడత పడుతుంది. మనకు గోరు చర్మం మీద మొలుస్తుంది. పిల్లికి అలా కాదు, వేలి చివరి ఎముకనుంచే మొలుస్తుంది. ఆ ఎముకను ఉంచి గోరొక్కటే తీస్తే మళ్లీ మొలుస్తుంది, అదీ వంకరగా, చర్మం లోపలికి. అందుకని డీక్లా అంటే ఆ చివరి ఎముకను కీలు దగ్గర కోసేయడమే. ముందు కాలికి ఐదేసి వేళ్లు, అంటే రెండు ముందుకాళ్లకూ కలిపి పది కోతలు. కత్తితో చేసినా, లేజర్‌తో చేసినా, తెగేది ఎముకే. ‘గోళ్లు తీయడం’ అన్న మాట ఎవరు పెట్టారో గానీ, ఆ మాట వల్లే మంచి మనుషులు కూడా సరేననేస్తున్నారు. మీ అక్కగారికి కూడా విషయం పూర్తిగా చెప్పి ఉండరు, ఆవిణ్ని నేను తప్పుపట్టను.

పిల్లి మునివేళ్ల మీద నడిచే జంతువు. మడమ నేలకు ఆనదు. ఏ కొసల మీద బరువు మోస్తూ జీవితమంతా దూకాలో, ఆ కొసలే తీసేస్తాం అన్నమాట. ఆ తర్వాత అది బరువును వెనక్కి వేసుకుని నిలబడటం నేర్చుకుంటుంది. నడుము పట్టేస్తుంది. కానీ పిల్లి కుక్కలాగా కుయ్యోమనదు. నొప్పిని దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. అందుకే ‘మా పిల్లికి ఏమీ కాలేదు’ అని చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతారు.

పదిహేనేళ్ల కిందటి మాట చెప్తాను. అప్పుడు నా క్లినిక్ కోడంబాక్కంలో ఉండేది. అమెరికా నుంచి తిరిగొచ్చి అన్నానగర్‌లో కాపురం పెట్టిన ఒక తెలుగు కుటుంబం వాళ్ల తెల్లపిల్లిని తీసుకొచ్చారు. ఆడది, ఆరేళ్లది. అక్కడే, చిన్నప్పుడే డీక్లా అయింది. వాళ్ల బాధ గోళ్ల గురించి కాదు. అది మట్టి డబ్బాలో పోయడం మానేసి మంచం మీద, మడత పెట్టిన బట్టల మీద పోస్తోంది. పాదం ముట్టుకుంటే కరుస్తోంది. ఇద్దరు డాక్టర్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని మందులిచ్చారు, తగ్గలేదు. నేను బల్ల మీద దాన్ని కూర్చోబెట్టి ముందుకాలు చేతిలోకి తీసుకున్నాను. అరికాలి మెత్తలు కాయకష్టం చేసేవాడి చేతిలా కాయకట్టి ఉన్నాయి. బొటనవేలితో ఒక్కో వేలి కొసా మెల్లగా నొక్కుతూ పోయాను. మూడో వేలి దగ్గర అది అరవలేదు, కరవలేదు. ఊపిరి బిగబట్టింది. కాలు నా చేతిలోంచి మెల్లగా లాక్కుని కడుపు కిందికి ముడుచుకుంది.

ఎక్స్‌రే తీయిస్తే మూడు వేళ్లలో ఎముక ముక్కలు మిగిలిపోయి ఉన్నాయి. చెప్పులో గులకరాయి పడితే మనం ఆగి దులుపుకుంటాం. ఈ పిల్లి ఐదేళ్లకు పైగా మూడు గులకరాళ్ల మీద నడిచింది. డబ్బాలో వాళ్లు వేసేది గరుకు గింజల లిట్టర్. దాన్ని గీకినప్పుడల్లా నొప్పి. అందుకని మెత్తటి చోటు వెతుక్కుంది, ఆ మెత్తటి చోటు మంచం. నొప్పి మందులు మొదలుపెట్టాం, డబ్బాలో సన్నటి ఇసుక పోయించాను. మూడు నెలలకు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ ఇంటావిడ నా ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంటూ, ‘గోళ్లు తీస్తారనుకున్నామండీ, ఎముక తీస్తారని ఎవరూ చెప్పలేదు’ అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది ఒక్క పిల్లి కథ కాదు. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో డీక్లా అయిన 137 పిల్లులనూ, కాని 137 పిల్లులనూ పక్కపక్కన పెట్టి చూశారు. డీక్లా అయినవాటిలో 63 శాతానికి ఎక్స్‌రేలో ఎముక ముక్కలు మిగిలి కనిపించాయి. డబ్బా బయట మలమూత్రాలు చేసే అవకాశం వాటిలో సుమారు ఏడు రెట్లు, కరిచే అవకాశం నాలుగున్నర రెట్లు ఎక్కువని తేలింది. మీ అత్తయ్యగారి విషయంలో ఈ కరవడమే నన్ను భయపెట్టేది. గోళ్లున్న పిల్లి ముందు పంజాతో హెచ్చరిస్తుంది. అవి లేని పిల్లికి మిగిలేది పళ్లే. పిల్లి కోర సూదిలా లోతుగా దిగుతుంది, పైన చిన్న చుక్కలా కనబడి లోపల చీము పడుతుంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే పెద్దావిడకు రక్కడం కంటే కరవడం చాలా ప్రమాదం. అంటే ఆవిడ కోసమని చేయించేది ఆవిడకే కీడు చేయవచ్చు.

ఇక మీ ఉత్తరంలో నాకు దారి చూపించిన మాట ‘కొంగు చాటున జపమాల’. ఆలోచించండి. గుడ్డ కింద ఏదో చిన్నది టకటకా కదులుతోంది, ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. పిల్లి కంటికి అది ఎలుక తప్ప మరొకటి కాదు. పైగా సంధ్యవేళ. పిల్లికి వేట బుద్ధి పుట్టేది తెల్లవారుజామున, పొద్దుగుంకే వేళ. రోజంతా ఫ్లాట్‌లో నిద్రపోయి లేచిన పద్నాలుగు నెలల కుర్రపిల్లి అది. వాడికి అత్తయ్యగారి మీద కోపం లేదు, ఆవిడా భయపడక్కర్లేదు. ముందు ఈ ఒక్కటీ చేయండి. దీపం పెట్టడానికి అరగంట ముందు, కర్రకు దారం కట్టి, దారం చివర ఈకో గుడ్డపీలికో కట్టి, పాప చేత పది పదిహేను నిమిషాలు వాణ్ని పరుగెత్తించండి. చివర్లో ఆ పీలికను పట్టుకోనివ్వండి, పట్టుకోకుండా ఆట ఆపితే వాడికి కసి తీరదు. వెంటనే రాత్రి అన్నం పెట్టేయండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఇదీ పిల్లి వరస. అత్తయ్యగారు జపానికి కూర్చునేసరికి వాడు ఏ మూలో ముడుచుకుని పడుకుంటాడు. అలవాటయ్యేదాకా ఆ అరగంటా పూజగది తలుపు వేసుకోమనండి. ఇంట్లో ఎవరూ, ముఖ్యంగా పాప, ఒట్టి చేతివేళ్లు ఆడించి వాడితో ఆడకూడదు. చిన్నప్పుడు ముద్దుగా ఉందని అలా ఆడించి ఉంటారు, చెయ్యి అంటే ఆటవస్తువని వాడికి మనమే నేర్పాం.

రక్కినప్పుడు ఏం చేయాలో కూడా రాస్తాను, ఇది అందరికీ అవసరం. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టకూడదు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి, అప్పటికీ నెత్తురు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకూడదు. లడ్డూకు రేబిస్ టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించకపోతే ఈ వారమే వేయించండి, ఏటా మర్చిపోకండి. మూడుసార్లు రక్కాడు కాబట్టి అత్తయ్యగారి డాక్టరుకు ఆ సంగతి చెప్పి, ఆవిడకు ఇంజెక్షన్ కావాలో అక్కర్లేదో ఆయన్నే తేల్చమనండి. ఇంట్లోంచి కదలని పిల్లే కదా అని వదిలేయవద్దు. పిల్లి ఒంటి మీద గెంతే చిన్న పురుగులు (ఫ్లీలు) లేకుండా కూడా చూసుకోండి, పిల్లి రక్కితే వచ్చే జ్వరానికి కారణమైన సూక్ష్మజీవి ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి పాకేది వాటి వల్లే.

గోళ్లు కత్తిరించడం దగ్గరికి వద్దాం. డీక్లా చేయాల్సిన అవసరాన్ని సగానికి సగం తీసేసేది ఇదే. వాడు అన్నం తిని మత్తుగా ఉన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకోండి, వాడి వీపు మీ పొట్టకు ఆనేలా. ఒక వేలిని కింద మెత్తమీద చూపుడువేలు, పైన బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కితే గోరు ఒరలోంచి కత్తిలా బయటికి వస్తుంది. వెలుతురుకు పట్టి చూడండి. లడ్డూలాంటి పసుపు పిల్లులకు గోళ్లు తెల్లగా, అద్దంలా ఉంటాయి కాబట్టి మీకు తేలిక. లోపల మొదలు దగ్గర గులాబీ రంగు గీత కనబడుతుంది. అక్కడ నెత్తురూ నరమూ ఉంటాయి, దాని జోలికి వెళ్లకూడదు. ముందున్న వంకర కొస, కొడవలి మొనలా ఉంటుందే, ఆ మొన ఒక్కటే తుంచాలి. పిల్లుల నెయిల్ కట్టర్ పెట్ షాపుల్లో దొరుకుతుంది. పొరపాటున నెత్తురొస్తే మొక్కజొన్న పిండి అద్ది నొక్కండి. మొదటిరోజు రెండు గోళ్లు చాలు, వెంటనే ఉడికించిన చికెన్ ముక్క ఒకటి పెట్టండి. గింజుకుంటే వదిలేయండి, బలవంతం చేస్తే రేపు కట్టర్ చూడగానే మంచం కిందికి దూరతాడు. రెండు మూడు వారాలకోసారి చాలు. ముందుకాలి లోపలివైపు కాస్త పైకి ఇంకో గోరుంటుంది, మన బొటనవేలు లాంటిది. అది నేలకు తగలదు, అరగదు. చాలామంది దాన్నే మర్చిపోతారు, అది చుట్టుకుని మెత్తలోకి దిగుతుంది.

సోఫా సంగతి. పిల్లిని గీకవద్దనడం అవ్వని పని. గీకితేనే గోరు పైపొర ఊడుతుంది, వీపూ భుజాలూ సాగుతాయి, అరికాళ్లలోని గ్రంథుల వాసన అంటి ‘ఇది నా ఇల్లు’ అన్న గుర్తు పడుతుంది. హాల్లోకి రాగానే కనబడే మూలనే వాడు ఎంచుకున్నాడంటే అందుకే. నలుగురూ తిరిగే చోట గుర్తు పెట్టాలి మరి. కాబట్టి గీకుడు స్తంభాన్ని బాల్కనీలో పెడితే లాభం లేదు, సరిగ్గా ఆ మూలకే ఆనించి పెట్టాలి. వడ్రంగితో మూడడుగుల కొయ్య ఒకటి రెండడుగుల చదరపు ప్లైవుడ్ మీద బిగించి, దానికి కొబ్బరి పీచు తాడు ఒత్తుగా చుట్టించండి. వాడు వెనకకాళ్ల మీద నిలబడి ఒళ్లు పూర్తిగా సాచగలగాలి, అందుకే మూడడుగులకు తక్కువ వద్దు. ఊగకూడదు. ఒక్కసారి ఊగిందంటే వాడు దాని మొహం చూడడు. అడుగున ప్లైవుడ్ మీద బరువుకు రెండు ఇటుకలు పెట్టినా తప్పులేదు. సోఫా మూలకు కొన్నాళ్లు రెండువైపులా అంటుకునే టేపు వేయండి, పంజా జిగురుగా అవడం పిల్లులకు నచ్చదు. స్తంభం మీద గీకినప్పుడల్లా మెచ్చుకుని ఏదన్నా పెట్టండి. సోఫా మీద గీకినప్పుడు కొట్టడం, నీళ్లు చిమ్మడం వద్దు, మీరు లేనప్పుడు గీకాలని నేర్చుకుంటాడు అంతే.

కొన్ని పిల్లులు నిలువుగా కాక అడ్డంగా, నేల మీద గీకుతాయి. వాటికి గుమ్మం ముందు వేసే పీచు డోర్‌మ్యాట్, పాత గోనెసంచి చాలు. మా ఇంట్లో పుట్టింటి నుంచి, సూళ్లూరుపేట నుంచి తెచ్చుకున్న నులకమంచం ఒకటుంది. మా పిల్లి తొమ్మిదేళ్లుగా దాని పట్టె మీదే గీకుతుంది, ఇంకే సామాను జోలికీ పోలేదు. ఇంకో చిట్కా. ఖాళీ స్థలాల్లో మొలిచే కుప్పింటాకు, ఇక్కడి తమిళులు కుప్పైమేని అంటారు, దాని వేరంటే పిల్లులకు పిచ్చి. పచ్చి వేరు తెచ్చి తాడు మీద రుద్దండి, వాడు వచ్చి ఒళ్లంతా రుద్దుకుంటాడు. రుద్దడం వరకే, తినిపించకండి.

గోళ్లకు తొడిగే మెత్తటి ప్లాస్టిక్ తొడుగులు కూడా ఉన్నాయి, జిగురుతో అంటిస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకు గోరు పొరతో పాటు ఊడిపోతాయి. అత్తయ్యగారికి మరీ భయంగా ఉంటే మొదటి రెండు నెలలు అవి వేయించండి. కోత కంటే వెయ్యి రెట్లు నయం.

చట్టం సంగతి కూడా తెలియాలి. మన జంతు హింస నివారణ చట్టం 1960 నాటిది. మూగజీవి అవయవాలను ఛేదించడం దాని 11వ సెక్షన్ కింద నేరం. పిల్లి గోళ్లని విడిగా పేరు పెట్టి రాయలేదు. కానీ జబ్బేమీ లేకుండా, సోఫా కోసం పది వేళ్ల కొసలు కోయడం దాని కిందికి రాకపోతే మరేది వస్తుందని నా ప్రశ్న. వేలికి గడ్డ లేచినా, మందుకు లొంగకుండా కుళ్లినా ఆ ఒక్క వేలు తీయడం వేరు, అది వైద్యం. ఇంగ్లండ్‌లో ఇది ఎప్పుడో నిషిద్ధం, ఇజ్రాయెల్ 2011లో ఆపింది. మీ అక్కగారున్న టెక్సాస్‌లో రాష్ట్రమంతటికీ నిషేధం లేదు గానీ, అదే అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో, మేరీలాండ్ 2022లో నిషేధించాయి. ‘చేస్తాం’ అన్న ఆ క్లినిక్ వాళ్లను మీరే అడగండి: ‘ఏ ఎముక దాకా కోస్తారు? తర్వాత ఎన్నాళ్లు నొప్పి మందు ఇస్తారు? ఎక్స్‌రే తీసి చూపిస్తారా?’ అని. నేను వేపేరి పశువైద్య కళాశాలలో చదువుకుని, ముప్పై ఐదేళ్లు ప్రాక్టీసు చేశాను. నన్నూ చాలామంది అడిగారు. ఒక్కసారి కూడా చేయలేదు.

మీవారి కోపం నాకు అర్థమవుతుంది. కట్టుకునే ఈఎంఐ ఆయనది, నెత్తురు కారేది తల్లికి. ఆరు వారాలు గడువు అడగండి. ఈలోగా స్తంభం నిలబెట్టి, గోళ్లు కత్తిరించి, సాయంత్రం ఆట మొదలుపెట్టండి. గోళ్లు కత్తిరించే పని వీలైతే ఆయన చేతే చేయించండి. మా దగ్గరికి వచ్చే ఇళ్లలో పిల్లి అంటే పడని మగవాళ్లు ఆ పని మొదలుపెట్టాకే దానికి దగ్గరవడం నేను చూశాను. ఆరు వారాల తర్వాత కూడా అత్తయ్యగారి చేతిమీద గాటు పడితే నాకు మళ్లీ రాయండి. ఏ టైములో, ఆవిడ ఏం చేస్తుండగా అన్నది తప్పకుండా రాయాలి.

ప్రశ్న: మేడమ్, బెంగళూరు నుంచి రాస్తున్నాను. మా పిల్లి పడుకునే గోనెపట్టా మీద తెల్లటి గోరు ముక్కలు దొరుకుతున్నాయి. ఊడిపోతున్నాయేమోనని భయంగా ఉంది. కాల్షియం తక్కువైందా? – ఒక పాఠకుడు

జవాబు: భయం లేదు బాబూ. దొరికినదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, లోపల డొల్లగా ఉంటుంది, ఉల్లిపొరలా. అది గోరు కాదు, గోరు మీది పాత తొడుగు. పాము కుబుసం విడిచినట్టు పిల్లి దాన్ని విడుస్తుంది, కింద కొత్త గోరు పదునుగా తయారై ఉంటుంది. గోనెపట్టా దాని పని అది చేస్తోందన్నమాట, అక్కడినుంచి తీయకండి. ముక్క డొల్లగా కాక గట్టిగా, మొదలు దగ్గర నెత్తురు మరకతో ఉంటేనో, పిల్లి కుంటుతుంటేనో డాక్టరుకు చూపించండి. కాల్షియం మాత్రలు మాత్రం వేయకండి.